వాన లెక్క కూలోళ్ల ఇంటి దాకా రావాలి

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలియవని మన పెద్దలు చెప్పిన సామెత. ఈ మాట నిజంగా ఒకప్పటి నిజమే. కానీ ఈ మాటనే ఇప్పటికీ పట్టుకుని, కరువు దేవుడు రాసిన రాత, దానికి సర్కారు ఏం చేస్తుంది, కూలోడు ఏం చేస్తాడు అని చెప్పేవాళ్లు అనంతపురం పీఠభూమిలో చాలామంది ఉన్నారు. వాన రాకడను లెక్కగట్టే పనిలో నూటయాభై ఏళ్లుగా వేలమంది శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు, వానకొలత నౌకర్లు జీవితాలు ధారపోశారు. అందులో కొంత పని మన గరుసు నేలల మీద, మన శెనక్కాయ చేన్ల మీదనే జరిగింది. ఆ సంగతి మన జిల్లాలో కూలోళ్లకే కాదు, చదువుకున్న కుర్రోళ్లకు కూడా తెలియదు. అందుకే ఈ వారం ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పదలిచాము.

వాన సంగతి రైతుది కదా, కూలోళ్లకెందుకని కొందరు అడగవచ్చు. వాన తప్పితే రైతుకు పంట పోతుంది. కూలోనికి విత్తనం వేసిన నాటి నుంచి కాయ కొట్టే నాటి దాకా ఉండే పని దినాలన్నీ పోతాయి. రైతుకు ఏదో ఒక రోజు నష్టపరిహారమో, బీమానో వస్తుందనే ఆశ ఉంటుంది. పోయిన కూలికి పరిహారం రాసిన జీవో ఇంతవరకు మా కంట పడలేదు. కలుపు తీసేదానికి పిలుపు రాకపోతే ఆ ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని బెంగళూరుకు బేల్దారి పనికో, కేరళకో పోవాల్సిందే. కనుక వాన లెక్క అందరికన్నా ముందు తెలియాల్సింది కూలోళ్లకే అంటాము మేము.

కరువులో పుట్టిన శాఖ

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో పుట్టింది. పుట్టిన మరుసటి ఏడే, అంటే 1876 నుంచి 1878 దాకా, దక్షిణ దేశాన్ని మహాకరువు తినేసింది. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లో కదా విడదీశారు. ఆ కరువు అతి ఘోరంగా కాటేసిన సీమల్లో బళ్లారి ఒకటి. దేశం మొత్తం మీద అరకోటికి పైగా జనం చచ్చిపోయారని అంచనా. అంత చావులోనూ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణాకు తగ్గించినాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రాళ్లు కొట్టే మనిషికి అరకిలో గింజలు సాలునా అని ఆ దొర ఆలోచించలేదు, ఖజానా ఖర్చు ఆలోచించినాడు.

ఈ కరువు దెబ్బతోనే తెల్ల సర్కారుకు వాన జోస్యం మీద మనసు పోయింది. జనం మీద ప్రేమతో అని అనుకోవద్దు. శిస్తు ఎంత వసూలవుతుందో, కరువు పనులకు ఎంత ఖర్చవుతుందో ముందే తెలిస్తే వాళ్లకు లాభం. శాఖకు మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడు ముంగారు వానలు తగ్గుతాయని గమనించి, 1886లో దేశం మొత్తానికి మొదటిసారి వానల అంచనా ప్రకటించినాడు. తర్వాత 1899లో మళ్లీ పెద్ద కరువు వచ్చింది, అంచనాలు తలకిందులైనాయి. అప్పుడు లెక్కల పండితుడైన గిల్బర్ట్ వాకర్‌ను తెచ్చి 1904లో శాఖను అప్పగించినారు. ఆయన 1924 దాకా ఉన్నాడు. ప్రపంచంలో నానా చోట్ల నుంచి గాలి ఒత్తిడి, వాన, వేడి లెక్కలు తెప్పించి, ఒకదానికొకటి ఏమైనా పొంతన ఉందా అని చూసినాడు. పసిఫిక్ మహాసముద్రం ఒక పక్క ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం పక్క తగ్గుతుంది, అది ఉయ్యాల లాగా ఊగుతుంది, ఆ ఊపుకీ మన వానలకీ సంబంధం ఉందని తేల్చినాడు. ఈ రోజు పేపర్లలో చదువుతున్న ఎల్ నినో కథకు అదే మూలం.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్లు లేవు. వేల వేల అంకెలను కూడి, గుణించి, భాగించి పెట్టింది మన భారతీయ గుమాస్తాలే. పేరు వాకర్‌కు వచ్చింది. తాలూకా కచేరీల్లో పొద్దున్నే వానకొలత పాత్రలో నీళ్లు కొలిచి పుస్తకంలో రాసిన నౌకర్ల పేర్లు ఎక్కడా లేవు. శాస్త్రం కూడా చేతుల కష్టం మీదనే నిలబడుతుందనేదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన వాళ్లు ఏం చేశారు

దొరలు దేశం మొత్తం లెక్క చూశారు గానీ, చేనులో మొక్కకూ గాలికీ మధ్య ఏం జరుగుతుందో చూడలేదు. ఆ పని మొదలుపెట్టినవాడు ఎల్. ఎ. రాందాస్. పాలక్కాడు వైపు మనిషి. 1932లో పూనాలో వ్యవసాయ వాతావరణ విభాగం పెట్టి, నేల మీద జానెడు ఎత్తున వేడి ఎట్లుంటుంది, మంచు ఎట్లా పడుతుంది, ఏ పంటకు ఎప్పుడు ఎన్ని నీళ్లు కావాలి అని కొలిపించినాడు. రైతులు చెప్పే వాన సామెతలను కూడా ఏరించి, లెక్కలతో సరిచూసినాడు. పల్లెటూరి మాట అని తోసేయలేదు, తాతల మాట అని నెత్తిన పెట్టుకోలేదు. ఆ పద్ధతి మనం నేర్చుకోదగ్గది.

తర్వాత చెప్పుకోవాల్సినది అన్నా మణి. 1918లో తిరువాన్కూరులో పుట్టింది. బెంగళూరులో సి. వి. రామన్ దగ్గర పరిశోధన చేసింది. పనంతా పూర్తిచేసి సిద్ధాంత వ్యాసం ఇస్తే, నీకు ఎమ్మెస్సీ లేదు కనుక డాక్టరేటు ఇవ్వము అన్నారు మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్లు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. 1948లో పూనాలో వాతావరణ శాఖలో చేరింది. అప్పటిదాకా వానకొలత పాత్ర, వేడికొలత గొట్టం కూడా సీమ నుంచి రావాల్సిందే. సుమారు వంద పరికరాలకు కొలతలు కట్టి, బొమ్మలు గీయించి, ఇక్కడే తయారుచేయించింది. కొలత తప్పైతే ఆ పైన ఎంత పెద్ద శాస్త్రం చేసినా తప్పేనన్నది ఆమె పట్టు. శాఖలో ఉప అధిపతి దాకా పోయి 1976లో దిగింది. తర్వాత దేశంలో ఎక్కడ ఎంత గాలి వీస్తుందో కొలిపించే పని చేసింది. 2001లో చనిపోయింది. డిగ్రీ లేదని తోసేసిన మనిషి చేతి కొలతల మీద దేశం మొత్తం వాన లెక్క నడిచింది.

మన తెలుగువాడు పంచేటి కోటేశ్వరం సంగతి కూడా చెప్పాలి. 1915లో పుట్టినాడు, 1997లో పోయినాడు. వానాకాలంలో మన నెత్తి మీద పధ్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఒక మహా వేగమైన గాలి ప్రవాహం పోతుంటుంది. కింద గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంటే పైన ఎదురు దిక్కుకు పరుగెత్తే ఈ గాలిని లోకానికి స్పష్టంగా చూపినవాడు ఆయన. 1950లలో పని చేసి 1958లో వ్యాసం అచ్చువేసినాడు. ఆ గాలి దారి ఇంచుమించు మన పీఠభూమి మీదుగానే ఉంటుంది. అది బలంగా ఉంటే ముంగారు బలంగా ఉన్నట్టు గుర్తు. తర్వాత ఆయన దేశ వాతావరణ శాఖకు అధిపతి అయినాడు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి. పి. సుబ్రహ్మణ్యం వంటి ఆచార్యులు నేలలో పడే నీరెంత, ఆవిరై పోయేదెంత, మిగిలేదెంత అని జమాఖర్చు కట్టి కరువును కొలిచే పద్ధతిని నేర్పినారు. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలతో కట్టిన పెద్ద రాడారు 1990ల నుంచి ఆకాశంలో గాలి పోకడ కొలుస్తున్నది. ఇవన్నీ మన సొత్తు.

మన శెనక్కాయ చేనులో జరిగిన పరిశోధన

ఇంతమంది ఉన్నా, అనంతపురం మెట్ట రైతు మనసులో ఉన్న ప్రశ్న దగ్గరికి నేరుగా వచ్చింది మాత్రం సులోచనా గాడ్గిల్. ఈమె పూనాలో 1944లో పుట్టింది. అమెరికాలో హార్వర్డులో చదివి 1970లో డాక్టరేటు తెచ్చుకుంది. 1971లో తిరిగి వచ్చి, పూనాలో పనిచేసి, 1973 నుంచి బెంగళూరులో భారత విజ్ఞాన సంస్థలో నిలబడింది. 2025 జులైలో కన్నుమూసింది.

1980లో డి. ఆర్. సిక్కాతో కలిసి ఆమె అచ్చువేసిన పని వాన గురించిన పాత నమ్మకాన్ని కదిలించింది. భూమి వేడెక్కితే సముద్రం గాలి లోపలికి వస్తుంది, అదే ముంగారు అని బడిలో చెప్తారు. అంతే అయితే మే నెలలో అగ్గి మండే అనంతపురానికే అందరికన్నా ఎక్కువ వాన పడాలి కదా! ఉపగ్రహం తీసిన బొమ్మలను రోజు వెంట రోజు చూసి వాళ్లు చెప్పిందేమంటే, ముంగారు అంటే తూర్పు నుంచి పడమటికి పరుచుకున్న ఒక మేఘాల పట్టీ. అది సముద్రం మీద పుట్టి ఉత్తరానికి పాకుతుంది, కొన్నాళ్లు నిలబడుతుంది, కొన్నాళ్లు చెదిరిపోతుంది. చెదిరిన రోజులే మనం బెట్ట అంటాము.

ఆ తర్వాత ఆమె కంప్యూటర్ల గదిలోనే ఉండిపోలేదు. మన జిల్లాను మూడు పక్కలా ఆనుకుని ఉన్న పావగడ తాలూకాలో సేద్యం చేస్తూ పరిశోధన చేసిన పి. ఆర్. శేషగిరిరావుతో కలిసి 1990లలో మెట్ట రైతులతో కూర్చుని మాట్లాడింది. మీరు వాన సంగతి ముందే తెలిస్తే ఏ పని మార్చుకోగలరు అని వాళ్లు రైతులను అడిగినారు. మార్చుకోలేని పని గురించి ఎంత కచ్చితమైన జోస్యం చెప్పినా దండగే అన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. ఈ ప్రశ్న అడిగిన శాస్త్రజ్ఞులు చాలా తక్కువ.

మార్చుకోగలిగిన పని ఒకటి తేలింది, అది విత్తే రోజు. అనంతపురంలో రోజువారీ కొలిచిన సుమారు ఎనభై ఏళ్ల వాన లెక్కలను తీసుకుని, శెనక్కాయ మొక్క నీళ్లు తాగి పెరిగే తీరును కంప్యూటరులో కట్టి, ఏ ఏడు ఏ రోజు విత్తితే ఎంత కాయ వస్తుందో చూసినారు. ఇక్కడి రైతులు విత్తే కాలం జూన్ 22 నుంచి ఆగస్టు 17 దాకా అని వాళ్లు రాసుకున్నారు. మన కార్తెల లెక్కలో చూడండి. ఆరుద్ర కార్తె జూన్ 21, 22 తేదీల్లో వస్తుంది. మఖ కార్తె ఆగస్టు 16, 17 తేదీల్లో వస్తుంది. అంటే ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, ఈ నాలుగు కార్తెలే. మన తాతలు పంచాంగం పట్టుకుని చెప్పిందీ, వీళ్లు ఎనభై ఏళ్ల అంకెలు పట్టుకుని గీసిన గీతా ఒకచోట కలిసినాయి.

అయితే వాళ్లు అక్కడ ఆగలేదు. ఈ నాలుగు కార్తెల్లోనూ జులై సగం దాటాక వేసిన పంటకే పూర్తిగా ఎండిపోయే ప్రమాదం తక్కువ అని తేల్చినారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. శెనక్కాయకు ఊడ దిగేటప్పుడు, గింజ పట్టేటప్పుడు నేలలో పదును ఉండాలి. మనకు ఏడాదిలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. జూన్ ఆఖర్లో వేసిన చేను ఊడ దిగే వేళకు ఆగస్టు బెట్టలో చిక్కుకోవచ్చు. పుష్యమిలో వేసినది గింజ పట్టే వేళకు సెప్టెంబరు, అక్టోబరు వానలు అందుకుంటుంది. బెట్ట పడితే ఆకుముడత పురుగు లేస్తుందని, ముసురు పడితే ఆకుమచ్చ తెగులు కమ్ముతుందని కూడా వాన లెక్కతో కలిపి చూసినారు. కలుపు తీసే అక్కచెల్లెళ్లకు ఈ ముక్క కొత్తేమీ కాదు. ఆకు ముడుచుకోవడం ముందుగా కంటపడేది వాళ్లకే.

మరి తెలిసి కూడా రైతు జూన్‌లోనే ఎందుకు విత్తుతాడు? మొదటి పదును పోగొట్టుకుంటే మళ్లీ వాన వస్తుందో రాదో అని భయం. దీని వెనక మరో సంగతి ఉంది, అది వర్గాల సంగతి. సొంత భూమి, సొంత ఎద్దులు లేదా ట్రాక్టరు, చేతిలో డబ్బు ఉన్నవాడు నెల రోజులు ఆగగలడు. గుత్తకు చేసేవాడు ఆగలేడు. వానికి విత్తనాలు అప్పు మీద వచ్చి ఇంట్లో ఉన్నాయి, వడ్డీ దినదినం పెరుగుతుంది, ట్రాక్టరు బాడుగకు దొరికిన రోజే వాని విత్తనం రోజు. గొర్రు తోలే కూలోనికీ జూన్‌లో పని కావాల్సిందే, ఎండాకాలమంతా పస్తు పడి ఉన్నాడు కనుక. శాస్త్రజ్ఞుడు మంచి రోజు చెప్పగలడు. ఆ రోజు దాకా ఆగే సత్తువ ఇవ్వాల్సింది సర్కారు. చౌక అప్పు, గుత్త రైతుకు గుర్తింపు, జూన్ జులై నెలల్లో కూలోళ్లకు వేరే పని, ఇవి లేకుండా ఆ పరిశోధన కాగితం మీదే ఉండిపోతుంది.

ఇంకో మాట కూడా ఆమె గట్టిగా చెప్పింది. హరిత విప్లవం పేరుతో నీళ్లున్న నేలలకు తయారుచేసిన ఎరువులు, మందుల పద్ధతిని వాన మీద బతికే నేలకు తెచ్చి రుద్దితే లాభం రాదు, ఆ ఖర్చు మెట్ట రైతుకు గిట్టదు అని. ఒక దశలో మన జిల్లాలో సుమారు 8 లక్షల హెక్టార్లలో ఒక్క శెనక్కాయే వేసే స్థితి వచ్చింది. సద్ద, కొర్ర, జొన్న, అలసంద, అనుము, కంది కలిపి వేసిన పాత చేను పోయింది. పాత చేనులో ఒకటి ఎండితే ఇంకొకటి మిగిలేది, కూలోనికి గింజల కూలి దక్కేది. ఇప్పుడు ఒక బెట్టకే మొత్తం పోతుంది.

రేకులకుంటలో పని

మన ఊళ్లకు దగ్గర్లోనే రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. మెట్ట సేద్యం మీద 1970లో మొదలైన అఖిల భారత పరిశోధనలో ఇది ఒక కేంద్రం. 1983లో వ్యవసాయ వాతావరణం మీద హైదరాబాదు కేంద్రంగా మొదలైన పథకంలో కూడా అనంతపురానికి చోటు ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట, పడమటి కనుమల చాటున ఒక పక్క ముంగారు తగ్గి, ఇంకో పక్క తూర్పు సముద్రం వాన చేరే లోపల అయిపోయే చోట, పరిశోధన చేయకపోతే ఇంకెక్కడ చేస్తారు? పొద్దున్నే వానకొలత చూడటం, నేల వేడి రాయటం, ఆవిరి తొట్టిలో నీళ్ల మట్టం కొలవటం, మంగళవారం, శుక్రవారం రైతులకు సలహా తయారుచేయటం, ఇదీ అక్కడి పని. దీంట్లో గొప్పతనమేమీ పైకి కనపడదు. ఎనభై ఏళ్లు ఒక్కరోజు కూడా తప్పకుండా కొలిస్తేనే ఎనభై ఏళ్ల లెక్క తయారవుతుంది.

ఇట్లాంటి పనిని సర్కారు ఎట్లా చూస్తుందో అందరూ తెలుసుకోవాలి. 2018 తర్వాత దేశంలో సుమారు రెండు వందల జిల్లా వ్యవసాయ వాతావరణ కేంద్రాలు పెట్టినారు. ఒక్కో దాంట్లో ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. అందరూ కాంట్రాక్టు ఉద్యోగులే. 2024 మొదట్లో వాటిని మూసేయమని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. వాన సంగతి చెప్పే కుర్రోళ్లకు సొంత ఉద్యోగం సంగతి ముందుగా తెలియకపోయె. యంత్రం లెక్క చెప్తుంది, మనుషులెందుకు అన్నది పాలకుల వాదన. కానీ ఈ ఊళ్లో ఏ పంట ఏ దశలో ఉందో, పదును ఎంత ఉందో చేనులోకి దిగి చూసేది మనిషే. ఈ కాంట్రాక్టు శాస్త్రజ్ఞులు కూడా మన లాంటి కష్టజీవులే, వాళ్ల ఉద్యోగ భద్రత కోసం మనం కూడా గొంతెత్తాలి.

యంత్రం ఏం చెప్పగలదు

1980లలో వాన లెక్కకు పెద్ద కంప్యూటరు కావాలని మన దేశం అమెరికాను అడిగింది. మీరు దాన్ని బాంబులకు వాడతారని వాళ్లు ఎన్నో ఆంక్షలు పెట్టి, చివరికి పెద్దదాన్ని కాక చిన్నదాన్ని ఇచ్చినారు. అదే క్రే యంత్రం. ఆ అవమానంతోనే మన వాళ్లు సొంతంగా సూపర్ కంప్యూటరు తయారుచేసుకునే పనికి దిగినారు. 1988లో ఢిల్లీలో మధ్యకాలిక అంచనాల కేంద్రం పెట్టినారు. 2024 సెప్టెంబరులో మిషన్ మౌసమ్ పేరుతో రెండేళ్లకు 2,000 కోట్ల రూపాయలు మంజూరైనాయి. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల గడులు కట్టి లెక్క చూసే సొంత పద్ధతిని ప్రారంభించినారు. ఆరు కిలోమీటర్లంటే రెండు మూడు ఊర్ల పొలిమేర. ఇది మెచ్చుకోదగ్గ పనే.

అయినా యంత్రం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అనేది మనకు తెలిసి ఉండాలి. మూడు గంటల లోపల పిడుగు, గాలివాన సంగతి బాగా చెప్పగలదు. అయిదు రోజుల దాకా నమ్మదగ్గట్టు చెప్పగలదు. రెండు మూడు వారాల సంగతి మోటుగా చెప్పగలదు. ఏడాది మొత్తం వాన సంగతి దేశం మొత్తానికి సగటు మాత్రం చెప్తుంది. ఆ సగటు కూడా తప్పవచ్చు. 2002లో వానలు మామూలుగా ఉంటాయన్నారు. ఆ జులైలో దేశంలో సగం వాన కూడా పడలేదు. 2009లో 96 శాతం అన్నారు, పడింది 78 శాతం. దేశానికి వంద శాతం వాన పడినా ధర్మవరంలో పదును లేకపోవచ్చు. కనుక ఏప్రిల్‌లో ఢిల్లీ వాళ్లు సాధారణ వర్షపాతం అన్నారని పేపర్లో చదివి అప్పు చేసి విత్తనాలు కొనేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

వాన మీద వ్యాపారం

లెక్క చెప్పేవాళ్లు ఎక్కడుంటే దాని మీద వ్యాపారం చేసేవాళ్లు అక్కడ దిగుతారు. 2003లో మన పక్క మహబూబ్‌నగర్‌లో శెనక్కాయ, ఆముదం రైతులకు ఒక ప్రైవేటు బీమా కంపెనీ దేశంలో మొదటిసారి వాన బీమా అమ్మింది. పంట పోయిందా అని చూడరు, వానకొలత పాత్రలో ఇన్ని మిల్లీమీటర్లు తగ్గిందా అని చూస్తారు. తర్వాత సర్కారు బీమాలో కూడా ఈ పద్ధతి వచ్చింది. వాన ఒక గుట్టకు ఇవతల పడి అవతల పడదని మనకు తెలుసు. పాత్ర ఉన్న చోట పడి, చేను ఉన్న చోట పడకపోతే రైతుకు సున్నా. ఇక భూమి లేని కూలోని పేరు ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. వాని పని దినాలకు బీమా ఎవరు కడతారు?

2003 తర్వాత కొన్నేళ్లు మేఘమథనం అని విమానాలు తిప్పినారు. అనంతపురం మీద కూడా తిప్పినారు. మేఘం ఉంటే దానిలోంచి కొంత ఎక్కువ వాన రాలవచ్చు, మేఘమే లేకపోతే ఎన్ని లవణాలు చల్లినా చుక్క రాలదు. బెట్ట రోజుల్లో మేఘమే ఉండదు. చెరువుల పూడిక తీసేదానికి లేని డబ్బు విమానాలకు దొరికింది.

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కంపెనీ కలిసి ఎప్పుడు విత్తాలో ఫోనులో తెలుగులో కబురు పంపినాయి. జూన్ మొదట్లో వద్దు, నెలాఖరు దాకా ఆగండని చెప్పినారు. సగటున 30 శాతం దిగుబడి పెరిగిందని ప్రకటించినారు. మంచిదే. కానీ విత్తే రోజు చెప్పే పని కంపెనీ చేతిలో పడితే, రేపు అదే ఫోనులో ఏ విత్తనం కొనాలో, ఏ మందు కొట్టాలో కూడా అదే చెప్తుంది. జనం డబ్బుతో నూటయాభై ఏళ్లు కొలిచిన వాన లెక్క జనానికే చెందాలి.

కూలోళ్లకు కావాల్సింది ఏమిటి

ఇప్పుడు వచ్చే సలహాలు చదివి చూడండి. ఎకరాకు ఇంత మందు, లీటరు నీళ్లకు ఇన్ని మిల్లీలీటర్లు అని ఉంటుంది. ఆ మందు కొట్టే మనిషి ఎండలో ఎన్ని గంటలకు ఆపాలో ఉండదు. మన దేశంలో ఏటా రెండు వేలకు పైగా జనం పిడుగుపాటుకు చనిపోతున్నారు. ఎక్కువమంది చేన్లలో ఉన్నవాళ్లే, చెట్టు కిందికి పోయినవాళ్లే. పూనా శాస్త్రజ్ఞులు దామిని అని ఫోనుకు పిడుగు కబురు పంపే ఏర్పాటు చేసినారు. ఆ ఫోను మేస్త్రీ జేబులో ఉంది, పిడుగు కూలోని నెత్తిన ఉంది. 2024 అక్టోబరులో పంచాయతీ వారీగా వాన అంచనాలు ఇస్తామని ఢిల్లీలో ప్రకటించినారు. ఆ అంచనా పంచాయతీ కంప్యూటరులో పడి ఉంటే ఎవరికి లాభం?

కరువు ఒక్కటే మన సమస్య అని కూడా అనుకోవద్దు. 2021 నవంబరులో అనంతపురం జిల్లా మీద పడిన వానకు చిత్రావతి పొంగింది, కదిరిలో ఇల్లు కూలి జనం చచ్చిపోయారు, చేతికొచ్చిన పంట నీళ్ల పాలైంది. 2022 అక్టోబరులో అనంతపురం పట్నంలోనే పేదల వాడలు మునిగిపోయినాయి. భూమి వేడెక్కే కొద్దీ బెట్ట బెట్టగానే ఉండి, పడే వాన ఒక్కసారిగా పడుతుందని శాస్త్రజ్ఞులు చెప్తూనే ఉన్నారు. ఈ వేడిని పుట్టించిన పొగ పరిశ్రమలది, పెద్ద దేశాలది. దాని దెబ్బ మాత్రం మట్టిమిద్దె మీద పడుతున్నది.

కనుక మా కోరికలు ఇవి.

వాన అంచనాను మంగళవారం, శుక్రవారం ప్రతి పల్లెలో, ఎస్సీ, ఎస్టీ వాడలతో సహా, దండోరా వేసి చెప్పాలి. అందరికీ అర్థమయ్యే తెలుగులో, కార్తెల పేర్లతో చెప్పాలి. రచ్చకట్ట దగ్గర పలక మీద రాయాలి.

పిడుగు, వడగాలి హెచ్చరిక వచ్చిన రోజు పని ఆపితే కూలి కోత పెట్టకూడదు. ఉపాధి పనుల్లోనైనా, రైతు చేనులోనైనా ఇది చట్టంగా ఉండాలి.

రెండు వారాలు బెట్ట ఉంటుందని అంచనా వచ్చిన వెంటనే, జనం వలస పోయేదాకా చూడకుండా, ఆ మండలంలో ఉపాధి పనులు తెరవాలి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ గడ్డ మీదనే ఈ కోరిక పెట్టే హక్కు మనకున్నది.

ప్రతి పంచాయతీలో వానకొలత పాత్ర పెట్టి, దాన్ని చూసే పని ఊళ్లో చదువుకున్న కూలోళ్ల బిడ్డలకు శాశ్వత జీతంతో ఇవ్వాలి. ఆ లెక్క గోడ మీద రాయాలి. బీమా కంపెనీ చెప్పిన అంకె సరైనదో కాదో ఊరు మొత్తం చూసుకోవాలి.

మూసేసిన జిల్లా వాతావరణ కేంద్రాల్లో పనిచేసిన వాళ్లను శాశ్వత ఉద్యోగులుగా తీసుకోవాలి. మా కూలి సంఘం పిల్లల్లో ఒకరైనా రేకులకుంటకో, గాదంకికో శాస్త్రజ్ఞులుగా పోయే రోజు రావాలి. అన్నా మణికి డిగ్రీ లేదని తలుపు వేసినారు. మన బిడ్డలకు ఫీజు కట్టలేదని తలుపు వేయకుండా చూసుకోవాలి.

వాన మన చేతిలో లేదు. వాన లెక్క మాత్రం మనిషి చేతిలోకి వచ్చింది. భూమి, నీళ్లు, కూలి ఎట్లా పోరాడి తెచ్చుకున్నామో, తెచ్చుకుంటున్నామో, ఆ లెక్కనూ అట్లే తెచ్చుకోవాలి. ఈ ఆరుద్ర కార్తె వచ్చే లోపల ప్రతి గ్రామ శాఖ తమ పంచాయతీకి పోయి, మా ఊరి వాన అంచనా ఏదీ, ఎవరు చదువుతున్నారు అని అడగాలి. జవాబు రాకపోతే మండల ఆఫీసు ముందర కూర్చోవాలి.